పంపేవాడి సంతకం

మొన్న దసరాకు మా అక్క మనవడు ఇంటికి వచ్చాడు. వాయుసేనలో ఫైటర్ పైలట్. త్వరలో ఫ్లైట్ కమాండర్ అవుతాడు, దేవుడు చల్లగా చూస్తే కొన్నేళ్లకు సీఓ (కమాండింగ్ ఆఫీసర్, స్క్వాడ్రన్ అనే విమానాల దళానికి పెద్ద) కూడా అవుతాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, అరుగు మీద పక్కనే కూర్చుని అడిగాడు. "తాతా, ముప్పై ఏండ్లు ఎంతమంది సీఓల కింద పనిచేసినవ్. లడాయి వస్తే మంచి సీఓ ఏం చేస్తడు? క్లాసుల చెప్పేది గాదు, నువ్వు కండ్లార చూసింది చెప్పు."

నేను ఆఫీసర్ని కాను. 1981లో మక్తల్ దగ్గరి మా ఊరి నుంచి ఎయిర్‌మన్‌గా చేరి, ఇంజన్ ఫిట్టర్‌గా మిగ్-21ల కిందే వయసు గడిపి, వారెంట్ ఆఫీసర్‌గా (పేరులో ఆఫీసర్ ఉన్నా అది ఆఫీసర్ల కింది హోదాయే) రిటైరై మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. బేస్ గేటు లోపల అయితే ఈ పిల్లవాడికి నేనే సెల్యూట్ కొట్టాలి. అయినా బండి ఇరుసు ఎంత వంగిందో బండెక్కి కూర్చున్నవాడికి కనపడదు, వెనక నడిచేవాడికి కనపడుతుంది. ఆ రోజు వాడికి చెప్పినవి, చెప్పడం మరిచినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎన్డీఏ, ఏఎఫ్‌క్యాట్ పరీక్షలకు చదువుతూ నా దగ్గరికి వచ్చే నారాయణపేట, కోస్గి, జడ్చర్ల పిల్లలు కూడా చదువుకోవచ్చు.

బరువు ఎక్కడుందో ముందు తెలుసుకో

యుద్ధ విమానం లేచేముందు మూడు సంతకాలు పడతాయి. ఫారం 700 అనే పుస్తకంలో నాలాంటి ఫిట్టర్లు పెడతారు: చూశాను, ఇంజన్ బాగుంది. అదే పుస్తకంలో పైలట్ పెడతాడు: విమానాన్ని ఒప్పుకుంటున్నాను. మూడోది ఆథరైజేషన్ బుక్‌లో పడుతుంది. ఎవరు, ఏ విమానంలో, ఏ పని మీద పోతున్నారో రాసి, పంపేవాడు సంతకం పెడతాడు. సీఓ గాని, ఫ్లైట్ కమాండర్ గాని.

నేను ఇంజన్‌ను చేత్తో తడిమి సంతకం పెట్టాను. పైలట్ చుట్టూ తిరిగి చూసుకుని పెట్టాడు. మూడోవాడికి తడిమి చూసేది ఏమీ లేదు. పోయే మనిషి తిరిగి వస్తాడా అన్నదే అతని పద్దు. సీఓ అనగానే జనానికి ముందు వరసలో దూసుకుపోయే విమానం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ పుస్తకం మీద వంగిన తల, పెన్ను ఆగిన రెండు క్షణాలు గుర్తొస్తాయి.

ఈ సంగతి నాకు వాయుసేన కంటే ముందు మా నాయన దగ్గరే తెలుసు. ఆయన గుంపు మేస్త్రి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు గదా, ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మనవాళ్లే. దసరా దాటినంక అడ్వాన్సులు పంచి, ముప్పై మందిని లారీ ఎక్కించుకుని పోయేవాడు. ఆ అడ్వాన్సుల పద్ధతిలో ఎంత అన్యాయం ఉందో పెద్దయ్యాక తెలుసుకున్నాను, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఒకటి చెప్పాలి. లారీ కదిలేముందు మా నాయన ప్రతి ఇంటి గుమ్మం ముందు ఆగి ఇంటి ముసలమ్మతో మాట్లాడి వచ్చేవాడు. "తోల్కపోతున్న, తోల్కొస్త" అనేవాడు. అంతే మాట. ఒక ఏడు దూరాన ఒక ప్రాజెక్టు పనిలో మట్టిపెళ్ల విరిగిపడి మా వాడకట్టు మనిషే పోయాడు. నాయన శవాన్ని లారీలో వేసుకుని రాత్రంతా దాని పక్కనే కూర్చుని వచ్చాడు. ఆ ఇంటికి తానే పోయాడు. ఇంకొకరిని పంపలేదు.

మనవడికి మొదటి మాట ఇదే చెప్పాను. నువ్వు సంతకం పెట్టేది సార్టీకి, అంటే విమానం ఒకసారి లేచి దిగే పనికి, కాదు బిడ్డా, గుమ్మం ముందు ఇచ్చిన మాటకు.

పేర్లు రాసేటప్పుడు

స్క్వాడ్రన్ అంటే పదహారు, పద్దెనిమిది విమానాలు, ఇరవై పైచిలుకు పైలట్లు, కింద వందలమంది. అందులో నిజంగా ఆరితేరినవాళ్లు నలుగురైదుగురే ఉంటారు. యుద్ధం వచ్చిందంటే చెయ్యి వాళ్ల పేర్ల మీదికే పోతుంది. కష్టమైన పని వాళ్లకే, రెండోదీ వాళ్లకే. అక్కడ చెయ్యి ఆపాలి. మోట కొట్టే కాలంలో మా ఊళ్లో అనేవాళ్లు, బాగా లాగే ఎద్దునే రోజూ కడితే ఎండాకాలం నడుమ ఎద్దూ పోతది, మడీ ఎండుతది అని. కొత్తవాణ్ని ఆరితేరినవాడి పక్కన పంపడం, రెండోసారి కొంచెం కఠినమైన పని ఇవ్వడం, ఆరితేరినవాణ్ని ఒక పూట కూర్చోబెట్టడం, ఇవన్నీ ఎవరు ఎప్పుడు ఎగరాలో రాసే బోర్డు మీద పేర్లు రాసేటప్పుడే జరగాలి.

ఇందులో మన ప్రాంతానికి ఒక సంబంధం ఉంది, పిల్లలకు ఎవరూ చెప్పరు. బ్రిటిష్ వాయుసేనలో 152 నంబర్ ఫైటర్ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరుండేది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో నిలబడ్డది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉండేది. ఆ ఖజానాకు శిస్తు కట్టినవాళ్లలో మా ముత్తాత కూడా ఉన్నాడు. 1940 వేసవిలో ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి జర్మన్ విమానాలతో పోరాడింది. స్క్వాడ్రన్ లీడర్ పీటర్ డెవిట్ దాని సీఓ. ఆ వేసవి పైలట్లు ఒకే రోజు మూడు నాలుగుసార్లు లేచిన రోజులున్నాయి. మొత్తం ఫైటర్ కమాండ్‌ను నడిపిన డౌడింగ్ అలసిన స్క్వాడ్రన్లను ఉత్తరానికి పంపి, విశ్రాంతి తీసుకున్నవాటిని దక్షిణానికి తెచ్చేవాడు. సెప్టెంబర్ నాటికి అలా మార్చడానికి కొత్త స్క్వాడ్రన్లు మిగల్లేదు. అప్పుడు స్క్వాడ్రన్లను ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశాడు. సీ తరగతిలో కొద్దిమంది పాతవాళ్లనే ఉంచి, కొత్త కుర్రాళ్లను వాళ్ల చేతికి ఇచ్చి తయారుచేయించాడు. బోర్డు ముందు నిలబడే చిన్న సీఓకు కూడా లెక్క అదే. ఈ రోజు గెలవడానికి రేపటివాణ్ని తినేయకూడదు.

పైలట్ అలిసిపోయాడని ఎట్లా కనిపెట్టాలి? అతన్ని అడగకు. ఫైటర్ పైలట్ ఎవడూ అలిసిపోయానని చెప్పడు. కిందివాళ్లను అడుగు. మేం వాళ్లను సీట్లో బిగించేవాళ్లం, నిచ్చెన మీద నిలబడి మొహంలో మొహం పెట్టి చూసేవాళ్లం. ఎజెక్షన్ సీటుకు భద్రతా పిన్నులు ఉంటాయి. లేచేముందు వాటిని తీసి పైలట్‌కు చూపిస్తాం, అతను లెక్కపెట్టుకోవాలి. కార్గిల్ నాటి జూన్‌లో ఒక పైలట్‌కు పిన్నులు చూపిస్తే చూడకుండానే తలూపాడు. మరునాడూ అంతే. మూడోనాడు నేను పిన్నులను పిడికిట్లో మూసి చెయ్యి మాత్రం పైకెత్తాను. దానికీ తలూపాడు. సాయంత్రం సీఓ దగ్గరికి పోయి చెప్పాను.

ఆయన ఆ కుర్రాణ్ని పిలిచి నువ్వు అలిశావు అనలేదు. "రెండు రోజులు టవర్‌లో నాకు నమ్మకమైన మనిషి కావాలి, నువ్వు కూర్చో" అన్నాడు. మెస్‌లో రాత్రి భోజనం దగ్గర పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మూడోనాడు బోర్డు మీద మళ్లీ అతని పేరు రాశాడు, తన పేరు పక్కనే. నీకు ఇది ముఖ్యం: దించిన రోజే ఎప్పుడు ఎక్కిస్తావో మనసులో తేదీ పెట్టుకో. తేదీ లేకుండా దించితే మిగతావాళ్ల ముందు వాడు తల ఎత్తుకోలేడు.

నువ్వెప్పుడు ఎగరాలి

సీఓ ఎగరకపోతే అతని మాటకు బరువుండదు. ప్రతిదానికీ తానే ఎగిరితే ఫోన్ దగ్గర, బోర్డు దగ్గర, ఇంకో పది తలనొప్పుల దగ్గర ఎవరూ ఉండరు. దీనికి లెక్క చెప్పలేను గాని నేను చూసింది చెప్తాను.

1999లో మా స్క్వాడ్రన్ పడమటి మైదానంలో ఒక బేస్‌లో అలర్ట్ మీద ఉంది. రన్‌వే చివర ఓఆర్‌పీలో, అంటే విమానాలను లేవడానికి సిద్ధంగా నిలిపే చోట, పైలట్లు విమానం లోపలే పట్టీలు బిగించుకుని కూర్చునేవారు, సైరన్ మోగితే నిమిషాల్లో లేవాలి. అక్కడి జూన్ ఎండలో రెక్క మీద చెయ్యి పెడితే బొబ్బ లేస్తుంది. మేం నిచ్చెన మీద నిలబడి గొడుగు పట్టేవాళ్లం, తడి తువ్వాలు మెడ మీద వేసేవాళ్లం, పది నిమిషాలకే ఆరిపోయేది. పొద్దున ఆరు గంటల పూట అందరికీ ఇష్టం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఎవరికీ వద్దు. మా సీఓ అలర్ట్ మొదలైన నాటి నుంచి ఒంటిగంట పూట తన పేరు రాసుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాలుగోనాటికి పైలట్లు ఆ పూట కోసం పోటీపడ్డారు.

కాబట్టి పేరు వచ్చే పనిలో కాదు, ఎవరికీ వద్దనిపించే పనిలో ముందు నీ పేరు రాసుకో. ప్రమాదమైన కొత్త పని వచ్చినప్పుడు మొదటిసారి నువ్వే పో, దారి తెలుస్తుంది. కార్గిల్‌లో 17వ స్క్వాడ్రన్ 'గోల్డెన్ యారోస్' సీఓ వింగ్ కమాండర్ బి.ఎస్. ధనోవా పర్వతాల మీద రాత్రి దాడులకు తానే ఎగిరాడు. ఆయనే తర్వాత వాయుసేనాధిపతి అయ్యాడు. ఆ యుద్ధంలో ఆయన స్క్వాడ్రన్ పోగొట్టుకున్నది ఎవరినో కూడా తెలుసుకో. కార్గిల్‌లో వాయుసేన పోరాటం, ఆపరేషన్ సఫేద్ సాగర్, మొదలైంది మే 26న. మరునాడే ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత మిగ్-27 ఇంజన్ ఆగి ఆయన దూకేశాడు. ఆయన ఎక్కడ పడ్డాడో వెతుకుతూ అక్కడే ఆగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మిగ్-21కు క్షిపణి తగిలింది. ఆహూజా 17వ స్క్వాడ్రన్ ఫ్లైట్ కమాండర్. అంటే సీఓకు కుడి భుజం. రెండో రోజుకే కుడి భుజం పోయింది, యుద్ధం ఇంకా రెండు నెలలు నడిచింది.

నీ కుర్చీలో కూర్చోగల మనిషిని మొదటి వారంలోనే తయారుచేయాలని చెప్పేది అందుకే. తాళాలు ఎక్కడున్నాయో, ఏ పైలట్‌కు ఏ బలహీనత ఉందో అతనికి చెప్పి ఉంచు. నువ్వు కూడా రాకపోవచ్చు. మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 16 బిహార్ బెటాలియన్ సీఓగా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణమిచ్చారు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. సూర్యాపేట మీదుగా పోయినప్పుడల్లా ఆ విగ్రహం దగ్గర బస్సులో కూర్చునే దండం పెడతాను. ఆ రాత్రి ఆయన వెనక ఉన్నవాళ్లు చెదరలేదంటే, ఆయన వాళ్లను అట్లా తయారుచేసి ఉంచాడన్నమాట.

పైవాళ్లకు కాదని చెప్పడం

ఇది నేర్చుకోకపోతే సీఓ కావద్దు. 1965 సెప్టెంబర్ 1 సాయంత్రం జమ్మూ వైపు ఛాంబ్‌లో పాకిస్తాన్ ట్యాంకులను ఆపడానికి పఠాన్‌కోట్ నుంచి వాంపైర్లను పంపారు. అప్పటికే కాలం చెల్లిన విమానాలు. నాలుగు పోయాయి. ఆ తర్వాత వాంపైర్లను ముందు వరస నుంచి తీసేశారు. పంపినవాళ్లను నేను తప్పుపట్టను, ట్యాంకులు వస్తున్నాయి, చేతిలో ఉన్నవి అవే. కానీ ఏ సీఓ అయినా అలాంటి రోజు రాకముందే తన దగ్గర ఏముందో, అది ఏ పనికి చాలదో పైకి రాసి పెట్టాలి.

ఎట్లా రాయాలో డౌడింగ్ చూపించాడు. 1940 మే 16న, ఫ్రాన్స్‌కు ఇంకా ఫైటర్లు పంపాలని ఒత్తిడి వస్తున్నప్పుడు, పది చిన్న పేరాల ఉత్తరం రాశాడు. దేశాన్ని కాపాడటానికి 52 స్క్వాడ్రన్లు కావాలని మీరే తేల్చారు, ఇప్పుడు నా దగ్గర 36కు సమానమైనవే ఉన్నాయి, ఎన్ని మిగల్చాలో మీరే కాగితం మీద చెప్పండి, ఇదీ సారం. అందులో ఏడుపు లేదు, ఎవరి మీదా నింద లేదు. వాళ్ల అంకె, తన అంకె, అడగవలసిన ప్రశ్న. అప్పుడు ఆయన సొంత కొడుకు కూడా ఫైటర్ పైలటే.

మా స్థాయిలో ఒక సంగతి. అలర్ట్ రోజుల్లోనే ఒక రాత్రి, తెల్లారేసరికి నాలుగు విమానాలు కావాలని పైనుంచి వచ్చింది. మా దగ్గర నాలుగున్నాయి. పరీక్షకు ఇంజన్ తిప్పి ఆపిన తర్వాత అది తిరిగి తిరిగి ఎంతసేపటికి ఆగుతుందో మేం గడియారం పట్టి చూస్తాం. నాలుగోదాని ఇంజన్ ఆగాల్సిన దానికంటే ముందే ఆగింది. ఆగేముందు సన్నగా, రాతి మీద కొడవలి గీసినట్టు ఒక చప్పుడు. మళ్లీ తిప్పించాను. మళ్లీ అదే. సంతకం పెట్టనన్నాను. ఒక ఆఫీసర్ గట్టిగానే మాట్లాడాడు, యుద్ధం నీ చెవి కోసం ఆగదన్నాడు. సీఓ వచ్చి అడిగింది ఒక్కటే. "ఎన్నిసార్లు తిప్పావు?" రెండుసార్లు అన్నాను. "మూడోసారి నా ముందు తిప్పు." తిప్పాను. ఆయన ఇంజన్‌కు దగ్గరగా వచ్చి, తల వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. లేచి ఫోన్ దగ్గరికి పోయి, "మూడు ఇస్తాను, మూడూ లేస్తాయి, దిగుతాయి. నాలుగోది రేపు సాయంత్రం" అన్నాడు. అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. చాలాసేపు ఆయన అవునండీ అనకుండా ఫోన్ పట్టుకుని నిలబడటం మాత్రం చూశాను.

కింది నుంచి కాదని వచ్చినప్పుడు నువ్వు వింటేనే, పైకి నువ్వు కాదన్నప్పుడు దానికి విలువ ఉంటుంది.

ఒకడు తిరిగి రాకపోతే

దీని గురించి ఎక్కువ రాస్తాను. మిగతావి అనుభవం మీద వస్తాయి, ఇది ముందే తెలిసి ఉండాలి.

కార్గిల్‌కు కొన్నేళ్ల ముందు ట్రైనింగ్ సార్టీలో మా స్క్వాడ్రన్ కుర్రాడొకడు పోయాడు. కోస్తా వైపు తెలుగువాడు. నేనంటే ప్రేమ, విమానాలు నిలిపే లైన్‌లో తెలుగు మాట్లాడటానికి నేనొక్కణ్నే ఉండేవాణ్ని. ఆ రోజు అతని ఇంజన్‌కు సంతకం పెట్టింది నేనే.

మిగ్-21లో ఇంధనం ఎంతసేపు వస్తుందో లైన్‌లో అందరికీ తెలుసు. రావాల్సిన సమయం దాటాక ఎవరూ మాట్లాడరు. పని ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతారు, గడియారం చూడనట్టు చూస్తారు. ఇంధనం అయిపోయే నిమిషం కూడా దాటాక, ఒకడు నిచ్చెనను తీసి పక్కకు పెట్టబోయాడు. ఇంకొకడు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ నిచ్చెన సాయంత్రం దాకా అక్కడే ఉంది.

అప్పటి సీఓ చేసినవి వరసగా చెప్తాను. పుస్తకాలన్నీ, నా ఫారం 700తో సహా, విచారణ కోసం సీలు వేయించాడు. కుర్రాడి లాకర్‌కు తాళం వేయించాడు. శకలాలు దొరికి, సంగతి ఖాయమయ్యేదాకా ఇంటికి ఏమీ చెప్పొద్దని, ఎవరూ బయటికి ఫోన్ చేయొద్దని చెప్పాడు. ఖాయమయ్యాక ఒక్క గంట కూడా ఆలస్యం చేయలేదు. ఇంటికి దగ్గరలో ఉన్న బేస్ నుంచి ఒక ఆఫీసర్‌ను, డాక్టర్‌ను పంపించాడు. వాళ్లు గుమ్మం ఎక్కేముందు ఫోన్‌లో ఆయన చెప్పిన మాట నాకు గుర్తుంది. "చుట్టు తిప్పొద్దు. దెబ్బ తగిలిందని మొదలుపెట్టొద్దు. కూర్చోబెట్టి, చనిపోయాడని చెప్పండి." ఇది నిర్దయ కాదు. దెబ్బ తగిలింది అంటే తల్లి ఆసుపత్రి ఎక్కడ అని చెప్పులు వేసుకుంటుంది, ఆ చెప్పులు ఎవరు విప్పిస్తారు?

తెలియనప్పుడు మాత్రం తెలియదనే చెప్పు. 1965 సెప్టెంబర్ 7న నంబర్ 1 స్క్వాడ్రన్ మిస్టేర్ విమానాలతో పాకిస్తాన్‌లోని సర్గోధా మీద దాడికి పోయింది. సీఓ వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా తానే ముందు నడిపాడు. స్టాండ్‌బైగా ఉండి చేరిన స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య తిరిగి రాలేదు. ఎట్లా పోయాడో అప్పట్లో ఎవరికీ తెలియలేదు. దెబ్బతిన్న మిస్టేర్‌తోనే శత్రువు స్టార్‌ఫైటర్ విమానాన్ని ఎదుర్కొని కూల్చాడన్న సంగతి ఎన్నో ఏళ్లకు బయటపడింది. మహావీర చక్ర 1988లో ఇచ్చారు, 23 ఏళ్ల తర్వాత. ఆ ఇరవై మూడేళ్లలో ఏ దయగల అబద్ధమో చెప్పి ఉంటే, నిజం వచ్చిన రోజు దాన్ని నమ్మేవాళ్లు ఉండరు.

ఆ రాత్రి నేను హ్యాంగర్ వెనక టైర్ల దగ్గర కూర్చున్నాను. ప్రతి బోల్టూ మనసులో మళ్లీ బిగిస్తున్నాను. సీఓ వెతుక్కుంటూ వచ్చి పక్క టైరు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి అన్నాడు. "నువ్వు సంతకం పెట్టావు, నేనూ పెట్టాను. నాకు తెలిసి ఇద్దరం నిజమే రాశాం. విచారణ ఏం తేలుస్తుందో తేల్చనీ. రేపు పొద్దున మొదటి సార్టీ నాది. నా విమానం నువ్వే రెడీ చేయాలి."

తెల్లారి నాలుగింటికి పోయాను. చేతులు వణుకుతున్నాయి, స్పానర్ రెండుసార్లు జారింది. ఆయన వచ్చి ఫారం 700 తెరిచి నా సంతకం చూశాడు. వేలు దాని మీద పెట్టి, కింద తన సంతకం చేశాడు. ఎక్కాడు. పిన్నులు చూపిస్తే ఒక్కొక్కటి పైకి లెక్కపెట్టాడు. పోయి, ముప్పై నిమిషాలకు దిగాడు. నెలల తర్వాత విచారణలో పక్షి తగిలి ఇంజన్ ఆగిందని తేలింది. కానీ నేను మళ్లీ పనివాణ్ని అయింది ఆ తీర్పుతో కాదు, ఆ పొద్దున. నీ కింద ఎవరికైనా ఇట్లా జరిగితే తీర్పు కోసం ఆగకు. విచారణ దాని పని అది చేస్తుంది, నీ పని నువ్వు ఆ పూటే చెయ్.

ఉత్తరం

సీఓ స్వయంగా రాసే ఉత్తరం ఒకటి ఉంటుంది. టైపు చేయించకు. మా సీఓ పంజాబీ. కుర్రాడి తల్లికి తెలుగు తప్ప రాదని తెలిసి నన్ను పిలిచాడు. ఆయన హిందీలో చెప్తుంటే నేను తెలుగులో రాశాను. రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా, ఒకటిన్నర పేజీ.

మొదటి మాట దగ్గరే ఆగాం. నేను 'అమరుడైనాడు' అని రాశాను. అర్థం అడిగాడు, చెప్పాను. "అది విగ్రహం కింద రాసే మాట, తల్లికి రాసేది కాదు" అన్నాడు. 'చనిపోయాడు' అని రాశాం. ఏ యాసలో రాయాలని నాకు ఇంకో చిక్కు. మా పాలమూరు మాట ఆమెకు పరాయిగా తోస్తుందేమో, బడి పుస్తకం మాట రాస్తే ఆఫీసు కాగితంలా ఉంటుంది. చివరికి ఆ కుర్రాడు నాతో మాట్లాడిన తీరునే గుర్తుచేసుకుని రాశాను. "మీ అబ్బాయి" అని, "అండీ" అని. ఊళ్లో ఎవరో పైకి చదివి వినిపిస్తే చుట్టూ పదిమంది ఉంటారు, అందుకని చిన్న చిన్న వాక్యాలు.

అందులో ఏం పెట్టాం? ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో తెలిసినంత. ఎక్కువసేపు బాధ పడలేదన్న మాట డాక్టర్‌ను అడిగి, అది నిజమని తెలిశాకే రాశాం. తర్వాత సీఓ తన కంటితో చూసింది ఒకటి. ఆ కుర్రాడు సెలవు నుంచి వచ్చినప్పుడల్లా ఆవకాయ జాడీ తెచ్చి క్రూ రూమ్‌లో పెట్టేవాడు, పంజాబీ పైలట్లు పరాఠాలో పెట్టుకుని కళ్లనీళ్లు కారుతున్నా తినేవాళ్లు. "మీ చేతి ఆవకాయ మేమందరం తిన్నామమ్మా" అని రాయమన్నాడు.

ఏం పెట్టలేదో కూడా చెప్తాను. సామాను లెక్క రాసే కమిటీకి సాయంగా లాకర్ తెరిచినప్పుడు నేను అక్కడున్నాను. లాకర్ కింద అతని తోలు చెప్పులు ఉన్నాయి, బూట్లు విప్పగానే కాళ్లు దూర్చడానికి వీలుగా ముందువైపు బయటికి తిప్పి, జతగా. అది రాద్దామని నేనే అన్నాను. సీఓ తల అడ్డంగా ఊపాడు. "అది మనం మోయాల్సింది. ఆమెకు పంపకూడదు."

ఆమె దగ్గర నుంచి నెల తర్వాత జవాబు వచ్చింది. నాకు చూపించి చదవమన్నాడు. చివర్లో, జాడీ వెనక్కి పంపొద్దని, ఖాళీ అయితే చెప్పమని రాసింది.

నీ సంగతి

సీఓ తన పైలట్ల ముందు కూలిపోకూడదు గాని, ఎక్కడో ఒకచోట దించుకోవాలి. మా సీఓ నా బోటి ముసలి ఫిట్టర్ల దగ్గర టైరు మీద కూర్చునేవాడు. నిద్ర పట్టకపోతే స్క్వాడ్రన్ డాక్టర్‌కు నువ్వే ముందు చెప్పు, సీసాకు చెప్పకు. పైలట్లకు విశ్రాంతి బోర్డు మీద రాసినట్టే నీ పేరు మీద కూడా ఒక పూట రాసుకో, దాన్ని చెరిపే హక్కు నీ ఫ్లైట్ కమాండర్‌కే ఇవ్వు.

ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది, మనవడితో ఆ దసరా రోజే మొదలుపెట్టించాను. ఒక చిన్న నోటుబుక్ కొను. స్క్వాడ్రన్‌లో ప్రతి మనిషికీ, పైలట్‌కే కాదు, టైర్లు మార్చే కుర్రాడికి కూడా ఒక పేజీ. ఇల్లు ఎక్కడ, ఇంట్లో ఎవరున్నారు, ఏ భాష చదవగలరు, చదవలేకపోతే ఉత్తరం ఎవరు చదివి పెడతారు, గుండె జబ్బు ఎవరికైనా ఉందా, దగ్గరలో మన బేస్ ఏది. సెలవు నుంచి వచ్చినవాణ్ని టీ ఇచ్చి కూర్చోబెట్టి మాటల్లో తెలుసుకో, ఫారంలా నింపించకు. ఆ పుస్తకం తాళం కింద ఉండాలి, నీ తర్వాత నీ కుర్చీలో కూర్చునేవాడికి అందాలి.

వాడు ఫోన్‌లో రాసుకోబోతే వద్దన్నాను. లోపలి నుంచి మా మనవరాలి రూళ్ల నోటుబుక్ తెచ్చి ఇచ్చాను. వాడు మొదటి పేజీలో తన నంబర్ టూ, అంటే తన పక్క విమానంలో ఎగిరే పైలట్, పేరు రాసి, ఊరు రాసి, తల్లి పేరు దగ్గర ఆగాడు.

"ఆమెను వాడు ఏమని పిలుస్తడో నాకు తెల్వదు తాతా" అన్నాడు.

"డ్యూటీకి పోయినంక వాణ్నే అడుగు" అన్నాను. "అది కూడా రాసుకో."